పొట్టున్న గింజలే ఎందుకు పోయాయి

50 కేజీల కొర్రల మూట కారు డిక్కీలో వేసుకుని, పొట్టు తీయించడానికి ఒక శనివారం పొద్దున్నుంచి సాయంత్రం దాకా మూడు మిల్లులు తిరిగాను. మొదటి మిల్లాయన మూట విప్పి గుప్పెడు తీసి అరచేతిలో రుద్ది చూసి "ఇవి మా మిషన్లో ఆడవు సార్, కిందికి కారిపోతాయి" అన్నాడు. రెండో ఆయన కనీసం మూట కూడా విప్పలేదు, కొర్రలు అనగానే చెయ్యి అడ్డంగా ఊపాడు. మూడో చోట ఒక పెద్దాయన కూర్చోబెట్టి టీ తాగించి మరీ చెప్పాడు, మీ అవ్వ ఉందా ఇంట్లో, ఉంటే రోట్లో వేసి దంచమను అని. నవ్వుతూనే అన్నాడు గానీ నాకు నవ్వు రాలేదు, ఎందుకంటే మా అవ్వ పోయి పదకొండేళ్లయింది, ఇంట్లో రోలు ఉంది గానీ దాంట్లో ఇప్పుడు తులసి చెట్టు ఉంది.

అసలు ఈ కొర్రలు మా ఇంటికి ఎట్లా వచ్చాయో చెప్తాను. మాది కదిరి పక్కన పల్లె, అనంతపురం జిల్లా అని పుట్టి పెరిగాం, 2022లో సత్యసాయి జిల్లా అయింది. మా వైపు సేద్యం అంటే చెనిక్కాయ, అదే వేరుశనగ. నేను పెద్దయినప్పటినుంచి నాయన చెనిక్కాయ తప్ప ఇంకోటి వేయడం చూళ్లేదు, వానొస్తే చెనిక్కాయ, వాన రాకపోతే ఎండిపోయిన చెనిక్కాయ, అంతే తేడా. ఎకరాకి విత్తనమే 60 కేజీలకి తక్కువ కాకుండా పడుతుంది, దానికి అప్పు, ఎరువుకి అప్పు, కాయలు ఒలిపించడానికి కూలి, అన్నీ అయ్యాక ఆగస్టులో నెల రోజులు వాన మొహం చాటేస్తే ఊడలు దిగే టైముకి నేల గట్టిపడి అన్నీ పోతాయి. మూడేళ్లు వరసగా అట్లాగే అయ్యాక పోయినేడు నాయన ఎవరితోనూ చెప్పకుండా రెండెకరాల్లో కొర్ర వేశాడు. ఫోన్లో చెప్తే ఏంది నాయనా ఇది అన్నాను. "నాలుగు కేజీల విత్తనం రా, పోతే నాలుగు కేజీలు పోతుంది" అన్నాడు.

నిజమే, కొర్రకి ఎకరాకి 2 కేజీలు చాలు. గ్రాముకి మూడొందల పైనే గింజలుంటాయి కాబట్టి ఒట్టి చేత్తో చల్లితే ఒక చోట గుంపుగా పడతాయి, ఇసుక కలిపి, గొర్రుకి ఉండే జడ్డిగం అనే గిన్నెలో పోసి విత్తాలి. నాయనకి గొర్రు పట్టడం ఇంకా గుర్తుంది, ఎద్దులు లేవు కాబట్టి బాడుగకి తెచ్చుకున్నాడు. ఎనభై, ఎనభై అయిదు రోజుల పంట. నంద్యాల పరిశోధనా కేంద్రం వాళ్లు ఇచ్చిన సూర్యనంది అనే రకం అయితే ఇంకో పది రోజులు ముందే వస్తుంది. మా వైపు సంవత్సరం మొత్తం పడేదే అటూ ఇటూగా 550 మిల్లీమీటర్ల వాన, అందులో కొర్ర పండేకాలంలో పడేది ఎంత ఉంటుందో మీరే లెక్కేసుకోండి, దానికి అది సరిపోతుంది. వరికి దానికి రెండు మూడింతలు కావాలి, అంటే బోరు వేయాలి, మా వైపు బోరంటే ఎనిమిదొందల అడుగులు, వెయ్యి అడుగులు, చివరికి దుమ్ము. కొర్ర, జొన్న, సజ్జ, రాగి ఇవన్నీ ఎండని వేరేగా వాడుకునే మొక్కలు, వరి కంటే తక్కువ నీళ్లతో ఎక్కువ పిండి తయారు చేసుకునే ఏర్పాటు వాటి ఆకులోనే ఉంటుంది. వాన ఆగిపోతే ఆకులు చుట్టుకుని కదలకుండా నిలబడతాయి, మళ్లీ రెండు చినుకులు పడితే ఏమీ జరగనట్టు లేస్తాయి. ఆగస్టులో ఇరవై రెండు రోజులు వాన లేదు, పక్క చేలో చెనిక్కాయ వాడిపోయింది, మా కొర్ర మటుకు వెన్ను తీసింది.

కానీ నాయన లెక్కలో ఒకటి తప్పింది. పిట్టలు.

నా చిన్నప్పుడు ఊర్లో సగం చేలల్లో కొర్రో సజ్జో ఉండేది, మేం పిల్లలం సెలవుల్లో మంచె మీద కూర్చుని వడిసెల తిప్పేవాళ్లం, డబ్బా కొట్టేవాళ్లం, పిట్టలు మా చేను మీద లేచి పక్క చేను మీద వాలేవి, వాళ్ల పిల్లలు అరిస్తే ఇంకో చేను. అట్లా ఊరంతా పంచుకునేవాళ్లం పిట్టల్ని. ఇప్పుడు చుట్టూ మూడు కిలోమీటర్లలో కొర్ర వేసింది మా నాయన ఒక్కడే. పిచ్చుకలు, చిలకలు, పేర్లు తెలియనివి, మొత్తం మండలంలోని పిట్టలన్నీ మా రెండెకరాల మీదే భోజనానికి వచ్చాయి. నాయన పాత క్యాసెట్ల టేపు లాగి కట్టాడు, మా అమ్మ పాత చీరలు వేలాడదీసింది, పొద్దున అయిదింటికే ఇద్దరూ పళ్లెం గరిటె పట్టుకుని చేలో. అరవై ఎనిమిదేళ్ల మనిషి. మిల్లెట్స్ పండించండి అని రైతులకి సలహాలు ఇచ్చే వాళ్లు ఈ పిట్టల సంగతి ఎవరూ చెప్పరెందుకో, ఒక్కడే వేస్తే పంట పిట్టలకే, ఊర్లో పాతిక మంది వేస్తేనే అది పంట. నాకు తెలిసి ఇది ఎరువు కంటే, విత్తనం కంటే పెద్ద సమస్య.

అయినా తొమ్మిది క్వింటాళ్లు ఇల్లు చేరింది, మేతకి గడ్డి వేరే. పెట్టుబడి తీసేస్తే చెనిక్కాయ బాగా పండిన ఏడాది కంటే తక్కువే మిగిలింది, చెనిక్కాయ పోయిన ఏడాది కంటే చాలా ఎక్కువ. వ్యాపారి వచ్చి కేజీ 24 అన్నాడు. నేను హైదరాబాద్‌లో మా వీధి చివర సూపర్ మార్కెట్‌లో అరకేజీ కొర్రల ప్యాకెట్ 55 పెట్టి కొంటున్నా, అంటే కేజీ 110. నాకు ఒళ్లు మండింది, నాయనా ఏడు క్వింటాళ్లు అమ్మేయి, మిగతాది నేను బియ్యం పట్టించుకుని హైదరాబాద్ తీసుకుపోతా, ఆఫీసులో నలుగురికి కూడా ఇస్తా అన్నాను. అట్లా మొదలైంది ఆ మిల్లుల యాత్ర.

ఇక్కడ తెలియనివాళ్లకి ఒక మాట. మనం చిరుధాన్యాలు అని అన్నిటినీ ఒకే గంపలో వేస్తాం గానీ అందులో రెండు జాతులున్నాయి, నా లెక్కలో. జొన్న, సజ్జ, రాగి ఒక జాతి, వీటికి గట్టి పొట్టు ఉండదు, కంకి నూర్చి తూర్పారబడితే గింజ చేతికొస్తుంది, కడిగి ఎండబెట్టి పిండి పట్టించుకుంటే అయిపోయింది, ఏ వీధిలో ఉన్న పిండి మిల్లయినా చాలు. కొర్ర, సామ, అరిక, ఊద, వరిగ, అండుకొర్ర ఇవి ఇంకో జాతి, వీటికి వరికి ఉన్నట్టే పైన పొట్టు ఉంటుంది, అది తీస్తే గానీ మనిషి తినలేడు. వరిగింజ పెద్దది, రెండు రబ్బరు రోలర్ల మధ్య నలిపితే ఊక ఊడొస్తుంది. ఇవి అంత చిన్నవి కదా, ఆ సందులోంచి అట్లాగే జారిపోతాయి. కొర్రలకి వేరే మిషన్ కావాలి, గింజని గిర్రున తిప్పి గోడకేసి కొట్టే రకం, ఆ దెబ్బకి పొట్టు విడిపోతే గాలి ఊది ఊక పక్కకి పంపిస్తారు. దానికంటే ముందు ఇసక, మట్టిబెడ్డలు తీసేది ఇంకోటి కావాలి, ఎందుకంటే కొర్రగింజ సైజులోనే ఇసకరేణువు కూడా ఉంటుంది. గింజలో తేమ ఎక్కువుంటే పొట్టు ఊడదు, మరీ ఎండిపోతే నూక అయిపోతుంది.

నాలుగో ప్రయత్నంలో దొరికింది, నలభై కిలోమీటర్ల అవతల ఒక మహిళా సంఘం వాళ్ల షెడ్డు, అందులో ఈ మిషన్లు వరసగా పెట్టుకున్నారు. కరెంటు పోయింది, రెండు గంటలు కూర్చున్నాం. మిషన్ నడిపే ఆమె చేయి మటుకు గొప్ప చెయ్యి, గుప్పెడు గింజలు తీసి పళ్లతో ఒకటి కొరికి "ఇంకో ఎండ పెట్టి తెచ్చుంటే బాగుండు" అంది. రెండుసార్లు ఆడించింది. 50 కేజీలకి 33 కేజీల బియ్యం వచ్చాయి, కేజీకి 6 రూపాయలు తీసుకున్నారు. ఇంటికొచ్చి లెక్కేస్తే వ్యాపారి ఇచ్చే రేటుకి మా కొర్రలు మేమే కొనుక్కున్నామనుకున్నా, మిల్లు ఖర్చు కలిపి కేజీ బియ్యం 45 రూపాయలు పడింది. ప్యాకెట్లో 110. మధ్యలో ఆ 65 రూపాయలు ఎవరివి అంటే, కొంత లారీది, కొంత షాపుది, కానీ ఎక్కువ భాగం ఆ మిషన్ ఎవరి దగ్గరుందో వాళ్లదని నా అనుమానం. పండించిన ఊర్లో ఆ మిషన్ లేకపోతే గింజ బయటకి పోయి బియ్యంగా తిరిగొచ్చి అదే ఊరివాడికి నాలుగింతల రేటుకి అమ్ముడవుతుంది.

ఆ షెడ్డు ముందు కూర్చున్నప్పుడే నాకు ఈ విషయం తట్టింది. మా ఇంట్లో రాగి సంగటి ఏ రోజూ పోలేదు. నేను పుట్టినప్పుడు ఉంది, ఇప్పుడూ ఉంది, వారానికి నాలుగు రోజులైనా చెనిక్కాయల ఊరిబిండితోనో, పప్పుతోనో ముద్ద పడుతుంది. జొన్నరొట్టె పూర్తిగా పోలేదు. భోగికి నువ్వులు అద్దిన సజ్జరొట్టె ఇప్పటికీ చేస్తారు. పోయినవి ఏవి అంటే కొర్రన్నం, సామన్నం, అరికెల అన్నం, వరిగెలు అయితే మా తమ్ముడికి పేరు కూడా తెలీదు. అంటే పొట్టు లేనివి మిగిలాయి, పొట్టున్నవే పోయాయి. జనం రుచి మర్చిపోయారనో, బలం విలువ తెలియక వదిలేశారనో అంటారు చూడండి, అదంతా తర్వాత చెప్పుకునే మాట. దంచే చెయ్యి ఆగిపోయింది, గింజ ఆగిపోయింది.

ఆ చెయ్యి మా అవ్వది. మా చిన్నప్పుడు పొద్దున నాలుగ్గంటలకి రోకలి చప్పుడుకి మెలకువ వచ్చేది. ఇద్దరు ఆడవాళ్లు ఎదురెదురు నిలబడి ఒకరి తర్వాత ఒకరు పోటు వేయాలి, తర్వాత చేటలో చెరగాలి, మళ్లీ రోట్లో పోయాలి, మళ్లీ చెరగాలి, అట్లా మూడు సార్లు, చివర్లో జల్లించి రాళ్లు ఏరాలి. ఇంట్లో తొమ్మిది మంది, ఒక పూట అన్నానికి గంటన్నర పని, ఆ తర్వాత చేలోకి కూలికి పోవాలి. అవ్వ అరచేతులు ఎట్లుండేవంటే, మాకు వీపు దురద పెడితే గోళ్లు అక్కర్లేదు, అరచేత్తో రుద్దితే చాలు.

1983లో ఎన్టీఆర్ రెండు రూపాయలకి కేజీ బియ్యం ఇచ్చినప్పుడు అవ్వ ఏమనుకుందో నేను పెద్దయ్యాక ఒకసారి అడిగాను. ఇప్పుడు చాలామంది ఆ స్కీమ్ వల్లే చిరుధాన్యాలు పోయాయి అని రాస్తుంటారు, నేను కూడా అట్లా ఏదో చదివి పెద్ద మేధావిలాగా అడిగా. అవ్వ నన్ను ఎగాదిగా చూసి "నువ్వు ఒక్కరోజు దంచుంటే ఈ మాట అడగవు నాయనా, ఆ బియ్యం వచ్చినాక నేను పొద్దెక్కిందాకా పండుకున్న్యా" అంది. పొద్దెక్కిందాకా అంటే ఆమె లెక్కలో అయిదున్నర. అప్పటిదాకా వరన్నం అంటే పండక్కి, పెళ్లికి, చుట్టాలొస్తే. అది రోజూ దొరకడం మొదలైతే ఎవరు మాత్రం వద్దంటారు, నేనైనా అనను. తప్పు ఎక్కడ జరిగిందంటే వరికి రబ్బరు రోలర్ మిల్లు వచ్చినట్టు కొర్రకి చిన్న మిషన్ ఆ రోజుల్లోనే ఊరూరికీ వచ్చుండాల్సింది, రాలేదు. సంగటికి పిండి మిల్లు వచ్చింది కాబట్టి సంగటి బతికింది.

ఇంక హైదరాబాద్ సంగతి. 33 కేజీలు తీసుకుపోయి డబ్బాలో పోసి ఇదిగో మన పొలంలోవి అని నేను ఛాతీ విరుచుకుని నిలబడితే, ఎనిమిదేళ్ల మా పాప చూసి "నాన్నా, ఇవి లవ్‌బర్డ్స్ ఫుడ్ కదా" అంది. పెట్ షాపులో చూసిందట. నిజమే, అక్కడ పొట్టుతో ఉన్న కొర్రలే అమ్ముతారు, పిట్టకి మిల్లు అక్కర్లేదు, ముక్కుతోనే ఒలుచుకుంటుంది. మొదటిరోజు కుక్కర్లో బియ్యం లాగానే ఒకటికి రెండు నీళ్లు పోసి మూడు విజిల్స్ పెట్టాను, పైన పలుకు, కింద ముద్ద, గొంతులో గుచ్చుకుంటూ దిగింది. మా ఆవిడ ఏమీ అనకుండా పెరుగు గిన్నె జరిపింది. అమ్మకి ఫోన్ చేస్తే తిట్టింది, "నానబెట్టకుండా ఎట్ల వండుతావురా, అది తినేకి పనికొస్తాదా" అని. రెండు గంటలైనా నానాలి, ఒకటికి రెండున్నర నీళ్లు, ఎసరు బాగా మసిలాక పోయాలి, ఉడికాక మూత తీయకుండా పది నిమిషాలు ఉమ్మగిల్లనివ్వాలి, వేడి మీదే తినాలి, చల్లారితే బిరుసెక్కుతుంది. దాంతో పాటు పుల్లటిది ఏదైనా ఉండాలి, చింతపండు పులుసో గోంగూరో, ఒట్టి పప్పుతో తింటే కొర్రన్నం చప్పగా ఉంటుంది. ఇప్పుడు మా ఇంట్లో వారానికి మూడు సార్లు నడుస్తోంది, పాపకి కొర్ర పులిహోర ఇష్టం, ఒట్టి అన్నం ఇప్పటికీ పిట్టల తిండే అంటుంది, బలవంతం చేయట్లేదు.

ఒక విషయం గమనించాను. సూపర్ మార్కెట్ కొర్రలు పక్కన పెట్టి చూస్తే మావి మురికిగా, కొంచెం పచ్చగా, అక్కడక్కడ పొట్టుతో ఉన్నాయి, అవి మటుకు ముత్యాల్లా మెరుస్తున్నాయి. మెరుపు అంటే పాలిష్. పొట్టు కింద ఉన్న తవుడు పొర కూడా గీకేస్తే ఆ మెరుపు వస్తుంది, పీచు, నూనె, ఖనిజాలు చాలావరకు ఆ పొరలోనే ఉంటాయి. అది తీసేసిన కొర్రలకి 110 పెట్టి కొని ఆరోగ్యం కోసం తింటున్నామంటే, తెల్లబియ్యంతో ఏం చేశామో మళ్లీ అదే చేస్తున్నాం, ఈసారి ఎక్కువ డబ్బులిచ్చి. మరి కంపెనీలు ఎందుకు పాలిష్ చేస్తాయి అంటే దానికీ కారణం ఉంది, తవుడులో నూనె ఉంటుంది, పొట్టు తీశాక దానికి గాలి తగిలితే కొన్ని వారాలకే కనరు వాసన వస్తుంది, పురుగు పడుతుంది. సజ్జపిండి ఇంకా ఘోరం, పట్టించిన వారం పది రోజులకే చేదెక్కుతుంది, అందుకే మా అమ్మ ఎప్పుడూ రెండు కేజీలకి మించి పట్టించదు. అంటే షాపులో ఆర్నెల్లు ఉండాలంటే పాలిష్ కావాలి, పాలిష్ కాకుండా తినాలంటే మిల్లు దగ్గర్లో ఉండాలి. మళ్లీ అదే మిల్లు.

బలం సంగతికి వస్తే, నాకు తెలిసినంతలో రాగిని కొట్టేది లేదు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ఇచ్చిన పట్టికల ప్రకారం నూరు గ్రాముల రాగుల్లో కాల్షియం 364 మిల్లీగ్రాములు, తెల్లబియ్యంలో 10 కూడా లేదు. ఐరన్ సజ్జలో ఆరు మిల్లీగ్రాముల పైన, తెల్లబియ్యంలో ఒకటి కూడా ఉండదు. పీచు జొన్న, సజ్జ, రాగి మూడింటిలోనూ 10 గ్రాములు దాటుతుంది, బియ్యంలో మూడుకి లోపు. కొర్రలో ప్రొటీన్ 12 గ్రాముల దాకా చెప్తారు, బియ్యానికి దాదాపు ఒకటిన్నర రెట్లు. ఇవన్నీ బాగానే ఉన్నాయి, కానీ కేలరీలు మటుకు ఇంచుమించు బియ్యమంతే. కొర్రన్నం కదా అని రెండు ప్లేట్లు లాగిస్తే బరువు తగ్గరు, మా ఆఫీసులో ఒకాయన పెరిగాడు కూడా. షుగర్ ఉన్నవాళ్లకి ఒక మాట, రాగులు మంచివి కదా అని మెత్తటి పిండిని పలచటి జావ కాచి బెల్లం వేసి తాగితే అది చాలా తొందరగా అరిగి షుగర్ పైకి పోతుంది, అదే రాగి సంగటి ముద్ద పప్పు, ఆకుకూరతో తింటే వేరే కథ. ఇంకా గింజల్లో ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వకుండా అడ్డుపడే పదార్థాలు కూడా ఉంటాయి, నానబెట్టడం, మొలకెత్తించడం, పులియబెట్టడం వల్ల అవి తగ్గుతాయి. మన పెద్దవాళ్లు రాత్రి కలిపి పొద్దున తాగిన పులిసిన అంబలి ఊరికే కాదు అనిపిస్తుంది ఇది తెలిశాక.

అయితే చిరుధాన్యాలతో క్యాన్సర్ తగ్గింది, మందులు మానేశాను అని వాట్సాప్‌లో తిరిగేవి చూస్తే నాకు భయం. మా బంధువు ఒకాయన కొర్రలు మొదలుపెట్టి షుగర్ మాత్రలు సొంతంగా ఆపేసి నెల తిరక్కుండా ఆసుపత్రిలో పడ్డాడు. అన్నం అన్నమే, మందు మందే. గింజలన్నీ అమాయకం అనుకోడానికి కూడా లేదు, తడిసి బూజు పట్టిన అరికెల్లో విషం ఉంటుంది, 2024 చివర్లో మధ్యప్రదేశ్ బాంధవ్‌గఢ్‌లో పది ఏనుగులు అట్లాంటి అరిక చేను మేసి చచ్చిపోయాయి. అందుకే ఎండబెట్టడం, నిల్వ చేయడం తెలిసిన చేతిలోంచి వచ్చిన గింజ కొనుక్కోండి అంటాను.

2018లో కేంద్రం వీటిని ముతక ధాన్యాలు అనడం మానేసి పోషక ధాన్యాలు అని పేరు మార్చింది, 2023ని ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరం చేసింది, మనమే అడిగి చేయించుకున్నాం. ఆ ఏడాది హైదరాబాద్‌లో మిల్లెట్ పిజ్జా, మిల్లెట్ కుకీస్, మిల్లెట్ ఐస్‌క్రీం, ఏం లేవు చెప్పండి. మా అక్క పిల్లలకి ఆంధ్ర బడుల్లో అదే ఏడాది మార్చి నుంచి వారానికి మూడు రోజులు రాగిజావ ఇచ్చారు, అది నాకు కుకీస్ కంటే చాలా పెద్ద పనిగా కనిపించింది, పిల్లలు నిజంగా తాగారు. కానీ అక్కడ కూడా రాగే చూడండి, పొట్టు లేనిదే. మద్దతు ధరలోనూ అంతే. 2025-26కి కేంద్రం క్వింటాల్‌కి రాగికి 4,886, హైబ్రిడ్ జొన్నకి 3,699, సజ్జకి 2,775 ప్రకటించింది. ఆ లిస్టులో కొర్ర లేదు, సామ లేదు, అరిక లేదు. అందుకే వ్యాపారి 24 అంటే మా నాయన దగ్గర బేరమాడ్డానికి చూపించుకునే కేంద్రం అంకె కూడా లేదు.

ఇదంతా కుదరదా అంటే కుదిరిన చోట్లూ ఉన్నాయి. జహీరాబాద్ పక్కన పస్తాపూర్ చుట్టూ డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు 1980ల నుంచి ఇదే పని చేస్తున్నాయి. పాత విత్తనాలు ఇళ్లల్లోనే దాచుకోవడం, జొన్న, సజ్జ, కొర్ర, తైదలు, వాటిల్లోనే కంది, నువ్వు కలిపి ఒకే చేలో పదీ పదిహేను పంటలు వేసుకోవడం, ఏటా ఎద్దుల బండ్ల మీద ఊరూరా పాత పంటల జాతర. తైదలు అంటే రాగులే, తెలంగాణ మాట, శ్రీకాకుళం వైపు చోళ్లు అంటారు, పేర్లు ఇన్ని ఉన్నాయంటేనే ఎంతగా తిన్నారో అర్థమవుతుంది. 2019లో ఆ సంఘాలకి ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది. ఒకసారి ఆ జాతరకి వెళ్లాను, బండి మీద బుట్టల్లో గింజల రంగులు చూస్తుంటే ఒక ముసలామె నా చేతిలో నాలుగు రకాల కొర్రలు పోసి ఏది ఏదో చెప్పమంది. నాకు ఒక్కటీ తెలీలేదు. ఎర్రది, నల్లది, పచ్చది, ఇంకోటి గోధుమరంగు. నేను చూసిన చోట ఒక్కడే కొర్ర వేసి పిట్టలకి బలవ్వలేదు, ఊరంతా కలిసి వేశారు.

పోయిన నెల ఊరికి పోయినప్పుడు నడింట్లో మూడు మూటలు అట్లాగే ఉన్నాయి. అమ్మేసిన ఏడు క్వింటాళ్లు, పట్టించిన మూట పోను మిగిలినవి. వీటినీ పట్టించేద్దామా నాయనా అంటే వద్దన్నాడు. "పొట్టుతో ఉంటే అయిదేళ్లయినా ఏం కాదు, పురుగు ముట్టదు, నీకు కావాల్సినప్పుడు ఒక్కో మూట పట్టించుకో" అన్నాడు. అది కూడా నిజమే, కరువు కాలాల్లో గాదెల్లో దాచింది వీటినే, కారణం ఆ పొట్టే. ఇన్నాళ్లూ నేను తిట్టుకుంటున్న పొట్టే గింజని కాపాడేది అన్నమాట.

ఒక మూట మాత్రం మూతి కుట్టేసి పక్కన పెట్టాడు. అది ఏమిటంటే విత్తనానికట. రెండెకరాలకి నాలుగు కేజీలు చాలు కదా, 50 కేజీల మూట ఎందుకు అని అడిగాను. "పక్క చేనాయప్ప అడిగినాడు, ఇంకా ముగ్గురు నలుగురు చూస్తామన్నారు" అన్నాడు. జూన్‌లో వాన పడితే చూడాలి.